ఫ్లోరెన్స్ సందులు తెలిసిన పక్కింటాయన

అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో మా పక్కింటాయన ఇటలీలోని ఫ్లోరెన్స్ ఎన్నడూ చూడలేదు. వీసా స్టాంపింగ్ లేకుండా దేశం దాటితే తిరిగి రానివ్వరని భయం. అయినా రోజూ భోజనం కాగానే కంప్యూటర్ మ్యాప్‌లో ఆ ఊరి సందులన్నీ తిరిగేవారు. ఇటలీ వెళ్లేవాళ్లెవరైనా ముందు ఆయన క్లాసు వినాల్సిందే. చెబుతున్నంతసేపూ చూపుడువేలు గాలిలో మలుపులు తిరుగుతుండేది.

మేం ఫ్లోరెన్స్ వెళ్లినప్పుడు మధ్యాహ్నం భోజనానికి బయల్దేరి, దారి తప్పి, ఆయనకే వీడియో కాల్ చేశాం. ప్లేనోలో అప్పుడే తెల్లవారుతోంది. నోట్లో బ్రష్‌తోనే ఫోన్ ఎత్తారు. చూపుడువేలు వెంటనే గాలిలోకి లేచింది.

"లెఫ్ట్ తీసుకోండి. ఆ ఐస్‌క్రీమ్ షాపు వద్దు, అది టూరిస్టులకి. ముందుకెళ్తే ఆకుపచ్చ తలుపు కనిపిస్తుంది."

కనిపించింది. లోపల బీన్స్, రొట్టె వేసి కాచిన సూప్ తెచ్చిపెట్టారు. మా ఆవిడ నురగ పాల కాఫీ, కాపుచినో, కూడా చెప్పబోయింది.

"ఆ ఊళ్లో భోజనంతో కాపుచినో అడక్కండి మేడమ్, పరువు పోద్ది!" ఫోన్‌లోంచి కేక.

తెలుగు ముక్క రాని వెయిటర్ కూడా కాపుచినో అన్న మాట, ఆ గొంతు విని మెచ్చుకోలుగా తలూపాడు.

నేను సూప్ గిన్నె ఫోన్‌కి దగ్గరగా పెట్టి చూపించాను. పక్కింటాయన బ్రష్ తీసేశారు. చూపుడువేలు దించి, మెల్లగా అడిగారు:

"వాసన ఎలా ఉందండీ?"