వదిన షెడ్డులో నా డ్రోను

నేను పిరికిదాన్ని. వినయం కొద్దీ అంటున్న మాట కాదిది. కుక్కరు మూడో విజిల్‌కి వంటింట్లోంచి బయటికి వచ్చేస్తాను. లిఫ్టు ఒక్కదాన్నే ఎక్కను. బండి మీద వెనక కూర్చుంటే మా ఆయన చొక్కా ఎంత గట్టిగా పట్టుకుంటానంటే, ఆయన చొక్కాలన్నీ నడుము దగ్గరే పిగులుతాయి. "భయమెందుకు?" అని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకో తెలిస్తే భయపడతానా? అలాంటిదాన్ని, నలభైకి దగ్గర పడ్డాక, గాజులరామారంలో రెండు గదుల అద్దె ఇంట్లో కూర్చుని ఒక డ్రోను తయారు చేశాను.

జీడిమెట్లలో ఒక చిన్న యూనిట్‌లో పన్నెండేళ్లుగా సర్క్యూట్ బోర్డులకు సోల్డరింగ్ చేస్తున్నాను. ట్రేలో ఖాళీ బోర్డులు వస్తాయి, అతికించిన బోర్డులు ట్రేలో వెళ్లిపోతాయి. ఏది ఏ యంత్రంలోకి పోతుందో మాకెవరూ చెప్పరు. ఒకసారి సూపర్‌వైజర్‌ని అడిగితే, "నీకెందుకమ్మా, నీ పని జూస్కో" అన్నాడు. అంతకు రెండింతలు ఘాటైన జవాబు నోటిదాకా వచ్చింది, భయపడి మింగేశాను. అలా వేల బోర్డులు నా చేతుల మీదుగా పోయాయి. ఒక్కటైనా పనిచేయడం నేను కళ్లారా చూడలేదు.

ఒక రోజు ఎవరో డ్రోను పట్టుకుని యూనిట్‌కి వచ్చారు. తీగ ఒకటి ఊడింది, అతికించమన్నారు. అతికించాను. ఆయన అక్కడే బ్యాటరీ పెట్టాడు. దీపాలు వెలిగాయి, మోటారు గిర్రున తిరిగింది. అంతే. ఆయన థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆ రోజంతా ఒక్క బోర్డూ సరిగ్గా చేయలేదు. నేను అతికించింది పనిచేయడం చూశాను కదా, ఇక మనసు ఆగలేదు. నాదంటూ ఒకటి చేయాలి, అది నా కళ్ల ముందు నేల విడిచి లేవాలి. అంతకుమించి నాకేమీ వద్దు. కెమెరా కూడా వద్దు.

చేతిలో డబ్బు తక్కువ కాబట్టి నోటుబుక్కులో ఒక నియమం రాసుకున్నాను. చేత్తో చేయగలిగింది కొనకూడదు. నాలుగు చేతుల చట్రాన్ని, పాతసామాను కొట్లో తూకానికి కొన్న సర్క్యూట్ బోర్డు షీటు నుంచి కోశాను. ఆ పొడి చర్మానికి తగిలితే ఒకటే దురద, అందుకని మూతికి గుడ్డ కట్టుకుని, చేతులకు కొబ్బరినూనె రాసుకుని కోశాను. మోటార్లూ రిమోటూ చదువు మధ్యలో మానేసిన ఒక ఇంజనీరింగ్ విద్యార్థి దగ్గర సగం ధరకు దొరికాయి. బ్యాటరీ, మోటార్ల వేగం చూసే బోర్డులు, అన్నిటినీ నడిపే బోర్డు మాత్రం కొత్తవి కొన్నాను. పావుకిలో దాటితే కాగితాల పని పెరుగుతుందని చదివి, చట్రానికి కుదిరిన చోటల్లా రంధ్రాలు పెట్టాను. కూరగాయలు తూచే కాటా మీద పెట్టి పెట్టి చూసుకున్నాను.

బ్యాటరీ అంటే మాత్రం చచ్చేంత భయం. దెబ్బ తగిలితే ఉబ్బుతుందట, ఉబ్బితే మంటలు లేస్తాయట. కుండలో ఇసుక పోసి, అందులో పెట్టి, బాల్కనీలో ఉంచాను.

"ఇంట్ల బాంబు వెట్టుకొని బువ్వెట్ల తినాలె?" అన్నాడు మా ఆయన.

"భయమైతే మెట్ల మీద గూసొని తిను" అన్నాను. నిజానికి అప్పటికి వారం రోజులుగా నా గిన్నె పట్టుకుని మెట్ల మీద కూర్చుంటున్నది నేనే.

పిరికితనం వల్ల ఒక లాభం ఉంది, పని శుభ్రంగా వస్తుంది. ప్రతి అతుకునూ భూతద్దంలో మూడుసార్లు చూశాను. రెండు మోటార్లు ఒకవైపు, రెండు ఇంకోవైపు తిరగాలి, ఒక్కటి తప్పినా బోర్లా పడుతుంది. అందుకని ప్రతి చేతి మీదా తెల్ల పెయింటుతో బాణం గీశాను. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మధ్యలో బండి ఇండికేటర్ బల్బు ఒకటి కట్టాను. ఎక్కడైనా తీగలు కలిసిపోయి ఉంటే బోర్డు కాలకుండా బల్బు వెలుగుతుంది. బల్బు ఒక్కసారి మినుక్కుమని ఆరిపోయింది. అంటే అంతా బాగున్నట్టు. తలుపు చాటు నుంచి చూశానిదంతా.

తర్వాత దాన్ని స్టూలుకు తాళ్లతో కట్టేసి, రెక్కలు బిగించి తిప్పాను. ఆ చప్పుడుకు కింది వాటా ఆమె పైకి వచ్చి, "మిక్సీ కాలిందా అక్కా?" అని అడిగింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఎంత చప్పుడు చేస్తుందో నాకు తెలుసు.

ఎగరేసే చోటు కోసం ఫోనులో ప్రభుత్వం మ్యాపు తెరిచాను. ఎరుపున్న చోట డ్రోను ఎగరేయకూడదట. మాకు అటూ ఇటూ విమానాలు దిగే మైదానాలు. మా ఇంటి మీద ఎరుపు, పార్కు మీద ఎరుపు, ఎటు జరిపినా ఎరుపే. పోలీసులు నన్ను జీపెక్కించడం, మా ఆయన చిరిగిన చొక్కాతో స్టేషనుకు రావడం కళ్లకు కట్టింది. పైకప్పు కింద ఎగరేసుకుంటే ఆ బాధ లేదని చదివాక ఊపిరి పీల్చుకున్నాను. అంత పెద్ద పైకప్పు మా ఎరుకలో ఒక్కరికే ఉంది. లాల్‌గడి మలక్‌పేట్‌లో మా వదినకు.

మా అన్న ప్లాట్ల బేరాలంటూ మేడ్చల్‌లో తిరుగుతుంటాడు. పొలం గట్టున ఉన్న రెండు కోళ్ల షెడ్లూ వదినవే. కడగడం, సున్నం కొట్టడం, మేత, మందు అంతా ఆమే. నేను గౌను తొడుక్కునే రోజుల్లో మా ఇంటికి కోడలుగా వచ్చింది, ఇప్పటికీ నన్ను పిల్లా అనే పిలుస్తుంది. ఫోన్ చేశాను.

"వదినా, పెద్ద షెడ్డు ఖాళీగున్నదా?"

"మొన్ననే బండొచ్చి కోళ్లను ఎత్కపోయింది. కడిగి పెట్టిన. ఎండలు తగ్గేదాంక కొత్త పిల్లల దింప. ఎందుకే పిల్లా?"

"చిన్న మిషిన్ జేసిన. ఆడ ఎగరేసి సూస్త."

"సప్పుడు జేస్తదా? చిన్న షెడ్ల కోళ్లున్నయి."

వద్దంటుందేమోనని భయమేసింది. "టేబుల్ ఫ్యానంత" అన్నాను.

ఆదివారం పొద్దున బస్సు దిగేసరికి వదిన చిన్న షెడ్డు ముందు ఉంది. లోపలికి పోయే ముందు ఆమె చేసే పని ఒకటుంది. తలుపు పక్కన వేలాడదీసిన పాత నూనె డబ్బా మీద కర్రతో మెల్లగా మూడు దెబ్బలు కొడుతుంది. ఒక క్షణం ఆగి, అప్పుడు తలుపు తీస్తుంది. కోడిపిల్లలు దిగిన రోజు నుంచీ అంతే.

"ఎందుకు వదినా గట్ల?"

"జెప్పకుంట వోతే బెదురుతయి. బెదిరితే అన్ని ఒక్క మూలకురికి గుట్టవడ్తయి. అడుగుకు వడ్డయి ఊపిరాడక సస్తయి. ఒకసారి అయింది నాకు. మస్తు ఏడ్సిన."

ఆ మాట విన్నాక అయినా చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. కానీ నా సంచిలో నాలుగు నెలల పని ఉంది. రెండు షెడ్ల మధ్య ఇరవై అడుగుల దూరం, మధ్యలో పరదాలు. ఏమవుతుందిలే అనుకున్నాను.

పెద్ద షెడ్డు చివరిదాకా ఖాళీగా, తెల్లగా, సున్నం వాసనతో ఉంది. నేల మధ్యన డ్రోను పెట్టి, పదడుగులు వెనక్కి వచ్చి, ఒక స్తంభం చాటున నిలబడ్డాను. మీట పైకి జరిపాను. అది రంకెలేసింది, కాస్త పక్కకు జరిగింది, లేచింది. మోకాలెత్తు లేచి అక్కడే నిలబడింది. నా బాణాలన్నీ సరైనవే. నా అతుకులన్నీ సరైనవే. ఏడుపొచ్చింది నాకు. రేకుల కప్పు ఆ చప్పుడును పదింతలు చేసి కొడుతోంది, అదీ నాకు తీయగానే వినిపించింది.

పక్క షెడ్డులో వాన పడ్డట్టు ఏదో గలగల మొదలైంది. తర్వాత వదిన కేక. "ఆపూ! ఓ పిల్లా, ఆపు!"

ఇక్కడే నేను చేసింది చెప్పాలి. మీట కిందికి లాగితే ఆగుతుంది, కానీ పడుతుంది. పడితే విరుగుతుంది. మెల్లగా దించుదామనుకున్నాను. అది అటూ ఇటూ ఊగుతుంటే, దాన్ని విరగకుండా దించడానికి నేను ఎంతసేపు తంటాలు పడ్డానో తెలియదు. వదిన ఇంకోసారి అరిచింది. అప్పుడు మీట కిందికి లాగేశాను. అది నేలకు కొట్టుకుని ఒక చేయి విరిగింది. చూడకుండా పరిగెత్తాను.

చిన్న షెడ్డు మూలన కోళ్లు నడుమెత్తు గుట్ట పడి ఉన్నాయి. వదిన అందులో మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో పక్కకు తీసి తీసి వేస్తోంది. కోళ్లంటే నాకు జంకు, గోళ్లు గీరుకుంటాయని. గుమ్మంలోనే ఆగిపోయాను.

"నిలవడి సూస్తవేంది? తియ్యి!"

చేతులు పెట్టాను. పైవి కొట్టుకున్నాయి, గీరాయి. కిందికి పోయేకొద్దీ వేడి ఎక్కువైంది, కదలిక తక్కువైంది. అట్టడుగున ఉన్నవి చేతికి మెత్తగా, బరువుగా వచ్చాయి. వాటి మెడలు వేలాడిపోయాయి. నేను తీస్తూనే ఉన్నాను, ఏడుస్తూనే ఉన్నాను. అంత భయం నా జన్మలో ఎన్నడూ పడలేదు, పైగా ఈసారి అది నా గురించి కాదు.

చచ్చినవాటిని గోనెపట్టా మీద వరసగా పెట్టాం. నాలుగు వరసలయ్యాయి. వదిన కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"గంత సప్పుడైతదని నీకెరికేనా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "ఎరికే" అన్నాను.

"మరెందుకు జెప్పలే?"

"వద్దంటవని భయమైంది వదినా."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "నీ భయం నువ్వు వడక, తెచ్చి నా కోళ్లకిచ్చినవ్" అంది. గుంత తవ్వడానికి పార తెచ్చుకుంది. ఇద్దరం తవ్వాం. బస్సు దాకా నేనొక్కదాన్నే నడిచాను.

డ్రోను సంచిలోంచి తీయడానికి నాకు పది రోజులు పట్టింది. విరిగిన చేయిని కొత్తగా కోసి బిగించాను, ఊరికే. ఎగరేసే ఉద్దేశం లేదు. అయినా వదినతో మాట్లాడకుండా ఉండటం నావల్ల కాలేదు. మే నెలలో ఒక సాయంత్రం ఫోన్ చేసి, ఆమె హలో అనకముందే మొదలుపెట్టాను. అది మిక్సీ కంటే ఎక్కువ చప్పుడు చేస్తుందని, రెక్క తగిలితే వేలు తెగుతుందని, బ్యాటరీ అంటుకోవచ్చని, నా చేతులు వణుకుతాయని, ఆ రోజు ఆమె ఆపమన్నప్పుడు నేను మిషను విరుగుతుందని చూశాను తప్ప కోళ్లను చూడలేదని. అన్నీ చెప్పాను.

అవతల మేత డబ్బా కింద పెట్టిన చప్పుడైంది.

"ఇంకేమన్న ఉన్నదా?" అంది వదిన.

"ఉన్నది. నాకు శాన భయమైతాంది."

"గది నువ్వు గౌనేస్కున్నప్పటి సంది ఎరికే నాకు. శుక్రారం చిన్న షెడ్డు కోళ్ల బండి వస్తాంది. ఐతారం రా."

ఆదివారం వెళ్లేసరికి రెండు షెడ్లూ ఖాళీ. లోపల ఒక్క కోడి లేదు. డ్రోనును నేల మధ్యన పెట్టి, స్తంభం చాటుకు వచ్చి, రిమోటు పట్టుకున్నాను. గుమ్మంలో నిలబడిన వదిన చేతిలో నూనె డబ్బా ఉంది. కర్రతో మెల్లగా మూడు దెబ్బలు కొట్టి ఆగింది.

"ఎవరికి వదినా? కోళ్లే లేకపాయె."

"నీకే" అంది.

నేను మీట పైకి జరిపాను.