తైతా గుహలో టిష్యూ ప్యాకెట్

సింగపూర్‌లో మా యీషున్ హాకర్ సెంటర్‌లో, అంటే తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే చోట, కూర్చుని తినాలంటే ముందు కుర్చీ మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఆ తర్వాత తిండి కొనడానికి వెళ్తాం. దాన్ని ఇక్కడ చోప్ చేయడం అంటారు. ఆ ప్యాకెట్‌ని ఎవరూ కదపరు. మా అమ్మ వచ్చిన కొత్తలో ఇది చూసి, బస్సు కిటికీలోంచి తుండుగుడ్డ వేసినట్టేగా అని తేల్చేసింది. మా పాపకి ఆ పని నేర్పింది కూడా తనే. ఇద్దరూ మాకంటే ముందు పరిగెత్తి సీట్లు పట్టేవాళ్ళు.

అమ్మ ఇక్కడే, మా దగ్గర ఉండగానే పోయింది. ఆ వారం పాపని బిషాన్‌లో స్నేహితురాలి ఇంట్లో ఉంచాం. తిరిగొచ్చి అడిగితే అమ్మమ్మ ఊరెళ్ళింది, వస్తుందని చెప్పాం. మన ఇళ్ళలో చిన్నపిల్లలకి చెప్పే మాటే అది. మన ఊళ్ళోనైతే పిల్లలకి ఏడుపులు వినబడతాయి, మామయ్యల గుండ్లు కనబడతాయి, ఎవరూ చెప్పకుండానే సంగతి తెలిసిపోతుంది. మా పాప అవేవీ చూడలేదు. దానికి ఊరంటే విమానం ఎక్కి వెళ్ళడం, మళ్ళీ విమానం దిగి రావడం. అందుకని ఎక్కడ తినడానికి వెళ్ళినా ఒక కుర్చీ మీద ప్యాకెట్ పెట్టడం మొదలుపెట్టింది. ఎవరైనా వచ్చి ఖాళీయేనా అంటే "మై అమ్మమ్మ కమింగ్" అనేది. కారిడార్‌లో లిఫ్ట్ ఆగిన చప్పుడైతే గేటు దగ్గరికి వెళ్ళి నిలబడేది. రాత్రిళ్ళు నా చీర కొంగో చున్నీయో పట్టుకుంటే తప్ప నిద్రపోయేది కాదు. బడి దగ్గర దింపినప్పుడల్లా ఒకటే ప్రశ్న, నువ్వు ఊరెళ్ళవు కదా అని.

మా ఆయనకి మొంబాసా రేవులో కొన్నాళ్ళు పని పడింది. బడికి సెలవులు, మేమూ వెళ్ళాం. అక్కడి నుంచి రైలెక్కితే తైతా కొండల దిగువకి చేరుకోవచ్చని, అక్కడ మొదటి ప్రపంచ యుద్ధం నాటి చోట్లు ఉన్నాయని ఆయనే కనుక్కున్నారు. ఆయనకి ఈ పిచ్చి ముందునుంచీ ఉంది. ఇంటి దగ్గర క్రాంజీలో ఉన్న యుద్ధ సమాధుల తోటకి ఒక్కరే వెళ్ళి గోడ మీద మనవాళ్ళ పేర్లు చదువుకుని వస్తారు. నేను పాపని ఎప్పుడూ పంపలేదు. ఆయన తిరిగొచ్చినా సరే, స్నానం చేసి బట్టలు మార్చుకునేదాకా దాన్ని ముట్టుకోనివ్వను.

తైతాకి బయల్దేరేటప్పుడు నా సంచి నిండా జ్వరం మందు, దోమల క్రీము, ఓఆర్ఎస్ పొట్లాలు. పాప సంచిలో మాత్రం ఒకే టిష్యూ ప్యాకెట్.

ఎర్రమట్టి దారిలో, రైలు పట్టాలకి దగ్గర్లో, మన దేశం నుంచి వచ్చి పోరాడిన సిపాయిల స్మారకం ఉంది. చుట్టూ ముళ్ళచెట్లు, ఎండ. ఎవరి ఊరికో ఎవరో వచ్చి ఎవరి కోసమో చనిపోవడం గురించి మా ఆయన చెప్పబోయి, పాపని చూసి ఆగిపోయారు. పాప దాని మీద రాసింది చదవగలిగినంతవరకూ చదివి, వీళ్ళు కూడా ఊరెళ్ళారా అని అడిగింది. ఆయన నా వైపు చూశారు. అవునన్నాను. మరి వీళ్ళని తీసుకురావడానికి ఎవరూ వెళ్ళలేదా అంది. నీళ్ళు తాగించి జీపెక్కించాను.

మర్నాడు కొండ మీదికి వెళ్ళాం. పైన చల్లగా, పచ్చగా ఉంది. మమ్మల్ని తీసుకెళ్ళినావిడ అక్కడి మనిషే. మేం చూడబోయే గుహ వాళ్ళ కుటుంబానిదే. వెనకటి రోజుల్లో తైతా వాళ్ళు పెద్దవాళ్ళని పూడ్చి, కొంతకాలం గడిచాక తలని పైకి తీసి, ఇంటికి దగ్గరలో బండ కింద ఉన్న ఇలాంటి గుహలో వరసలో పెట్టేవాళ్ళట. వానలు పడకపోయినా, ఇంట్లో కష్టమొచ్చినా అక్కడికి వెళ్ళి వాళ్ళతో చెప్పుకునేవాళ్ళట. ఇప్పుడు ఆ ఆచారం లేదు. అందరూ చర్చికి వెళ్తారు. అయినా గుహ దగ్గర గొంతు పెంచి మాట్లాడరు.

పాపని కిందే ఉంచుదామనుకున్నాను. కానీ నన్ను వదిలి అది ఎక్కడ ఉంటుంది? చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. బండ నీడలో పుర్రెలు బయటికి చూస్తూ వరసగా ఉన్నాయి. పాపకి ఏ భయమూ లేదు. వీళ్ళెవరు ఆంటీ అని అడిగింది. మా తాతల తాతలు, ఆ చివర ఉన్నాయన మహా కోపిష్టి అని మా అమ్మ చెప్పేది, అందుకే పక్కన ఎవర్నీ పెట్టలేదు అందావిడ. మా ఆయన నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వులో చెయ్యి వదిలేశానేమో, పాప వెళ్ళి ఆ చివర ఖాళీ చోట టిష్యూ ప్యాకెట్ పెట్టేసింది.

నేను పరిగెత్తి తీయబోతే ఆవిడ ఆపి, ఇదేమిటని మెల్లగా అడిగింది. మా సింగపూర్ అలవాటు, అమ్మమ్మ కుర్చీ, అన్నీ ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడకి కోపం రాలేదు.

"మేము ఎవర్నీ తిన్నగా తెచ్చి ఇక్కడ కూర్చోబెట్టలేదమ్మా," అంది. "ముందు ఏడ్చేవాళ్ళం. పూడ్చేవాళ్ళం. చోటు ఆ తర్వాత. ఆవిడ చనిపోయిందని ఈ పిల్లకి తెలుసా?"

తెలియదన్నాను. అయితే ప్యాకెట్ తీసేయమని, ఇది వాళ్ళ ఇంటివాళ్ళ చోటని మర్యాదగానే చెప్పి, ఆవిడ మా ఆయనతో కలిసి పక్కకి వెళ్ళింది.

ప్యాకెట్ తీసి పాప చేతికిచ్చి, బండ మీద కూర్చుని దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో ఆలోచించుకోలేదు.

"అమ్మమ్మ ఊరెళ్ళలేదు నాన్నా. చనిపోయింది. ఇంక రాదు."

అది నా మొహం కేసి చూసింది. "ఐ నో. అమ్మమ్మ పెట్టె అల్మరా మీదే ఉంది కదా. ఊరెళ్ళేవాళ్ళు పెట్టె తీసుకెళ్తారు."

"మరి కుర్చీ ఎందుకు పట్టావు?"

"వస్తుంది అని నువ్వే అన్నావు కదా."

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. అమ్మ పోయిన రోజునుంచీ దీని ముందు ఏడవకూడదని ఆపుకున్నదంతా వచ్చింది. పాప ప్యాకెట్ సీలు చింపి ఒక టిష్యూ నాకిచ్చింది, ఒకటి తను తీసుకుంది. కొండ దిగేసరికి ప్యాకెట్‌లో ఏమీ మిగల్లేదు.

దారిలో అన్నీ అడిగింది. కాల్చారా, నొప్పి పుట్టిందా, బూడిద ఏం చేశారు, సముద్రంలో చేపలు తింటాయా. తెలిసింది తెలిసినట్టు చెప్పాను, తెలియనిది తెలియదన్నాను. బసకి వచ్చాక ఇద్దరం తలస్నానం చేశాం. అది మాత్రం మానలేదు, మానను కూడా. కానీ ఎందుకు చేస్తామో ఈసారి దానికి చెప్పే చేయించాను.

ఇప్పుడు ఇంటికి తిరిగొచ్చాక పాప పక్క గదిలో ఒక్కతే నిద్రపోతోంది కాబట్టే ఇలా కూర్చుని రాయగలుగుతున్నాను. నా కంగారు ఎక్కడికీ పోలేదు. ఇందాకే లేచి దుప్పటి సరిచేసి వచ్చాను. అయినా ఒక్క విషయంలో నాకు అనుమానం లేదు. పిల్లలకి చావు గురించి చెప్పొచ్చు. వాళ్ళు తట్టుకుంటారు.

మొన్న మళ్ళీ హాకర్ సెంటర్‌కి వెళ్ళాం. మధ్యాహ్నం, జనం కిటకిట. మా టేబుల్ దగ్గర నాలుగో కుర్చీ ఖాళీగా ఉంది. ఒక చైనీస్ పెద్దాయన నూడుల్స్ గిన్నె పట్టుకుని వచ్చి, ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే పాప ఇక్కడివాళ్ళ ఇంగ్లీషులో చెప్పింది.

"మై అమ్మమ్మ'స్ సీట్, అంకుల్. బట్ షీ పాస్‌డ్ అవే ఆల్రెడీ. యూ కెన్ సిట్ లా."

ఆయన మా వైపు చూశాడు. మా ఆయన తలూపారు. పెద్దాయన గిన్నె బల్ల మీద పెట్టి, కుర్చీని చప్పుడు కాకుండా వెనక్కి లాగి, సగం కుర్చీలోనే సర్దుకుని కూర్చున్నాడు. ఏం తినేదమ్మా మీ అమ్మమ్మ అని అడిగాడు. పాప స్పూను కింద పెట్టి చెప్పడం మొదలుపెట్టింది.