నేను మార్చిన చెయ్యి

ఊరికే కూర్చోవడం నా ఒంటికి పడదు. అలాంటిదాన్ని తీసుకెళ్లి, ఊరికే కూర్చోవడమే ఉద్యోగమైన చోట పడేశారు. బళ్లారి నుంచి సండూరు వెళ్లే దారిలో కొత్తగా పెట్టిన ఇంటర్నేషనల్ ప్రీస్కూల్ అది. మాంటిసోరి పద్ధతి. పిల్లలు అరలోంచి తమకు నచ్చిన పని తెచ్చుకుని చాప మీద చేసుకుంటారు. టీచరు ఒక్కసారి, మాట్లాడకుండా, చేసి చూపించి పక్కకు తప్పుకోవాలి. మధ్యలో కల్పించుకోకూడదు. రోజూ అరగంట మూల కుర్చీలో కూర్చుని, పిల్లలు ఏం చేస్తున్నారో నోట్‌బుక్కులో రాసుకోవాలి.

నేను రెండు నిమిషాలు కూర్చుంటే మూడో నిమిషంలో లేచేదాన్ని. చాప వంకరగా ఉంటే సర్దేదాన్ని. ఖనిజం లారీలు వెళ్లిన ప్రతిసారీ అరల మీద పడే ఎర్ర దుమ్ము తుడిచేదాన్ని. మా హెడ్ మేడమ్ బెంగళూరావిడ. "సుమ్నె కూత్కొళ్ళి, మేడమ్" అని నవ్వేది. ఊరికే కూర్చోమని ఎంత మెల్లగా చెప్పినా నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడు చేరినవాళ్లలో మూడేళ్ల పాప ఒకతె ఉండేది. పొద్దున వచ్చీ రాగానే అలసందల ట్రే తెచ్చుకునేది. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి స్పూనుతో గింజలు మార్చడమే ఆ పని. నాలుక కొంచెం బయటపెట్టి, ఒక్క గింజ కింద పడకుండా మార్చేది. రెండో నెల వచ్చేసరికి ఆ పిల్ల ట్రే ముట్టడం మానేసింది. ఎడమ చెయ్యి తొడ కింద పెట్టుకుని, కిటికీ పక్కన కూర్చునేది. జ్వరమేమో అనుకున్నాను. ఇంట్లో ఎవరైనా కసిరారేమో అనుకున్నాను. వాళ్లమ్మ మాత్రం నన్ను గేటు దగ్గర ఆపి, "ఈడికొచ్చినాక గమ్మునైపోయిండాది మిస్. దసరా దాకా చూస్తాం. బాగైతే సరి, లేకుంటే మాన్పిస్తాం" అంది. ఆ రోజు నుంచి నాకు కాలు నిలవలేదు.

మేడమ్‌తో చెబితే తన నోట్‌బుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. అందులో పాప గురించి ఎంత ఉందో నా గురించీ అంతే ఉంది. పాప ఎడమ చేత్తో స్పూను పట్టుకుంది. టీచరు దాన్ని కుడి చేతిలోకి మార్చింది. మళ్లీ మార్చింది. "ఛీ, ఆ చెయ్యి కాదు" అంది. పేజీ తర్వాత పేజీ అదే. నేనెప్పుడలా అన్నానని మేడమ్ మీద గయ్యిమన్నాను. అన్నాననే సంగతి ఇంటికి వచ్చే దారిలో ఒప్పుకున్నాను. బజారులో అంగళ్లు నడుపుకునేవాళ్లం. ఎడమ చేత్తో ఇచ్చినా, తీసుకున్నా మాకు తప్పు. ఆ అలవాటు నన్ను అడక్కుండానే పని కానిచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి స్పూను నేనే పాప ఎడమ చేతిలో పెట్టాను. ఆ పిల్ల చురుక్కుమన్నట్టు వెనక్కి లాక్కుంది.

"ఇది చెడ్డ చెయ్యి మిస్" అంది.

నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి అంతా వెళ్లగక్కాను. అమ్మ తేలిగ్గా నవ్వింది.

"నీదీ అదే వాటం కదమ్మా! మీ నాయన అంగట్లో గిరాకీలకి ఎడంచేత్తో పొట్లాలిస్తాంటివి. చేతి మీద ఒక్క వాత పెడితి. అంతే, ఆ పొద్దే మానుకుంటివి."

"నాకు గ్యాపకమే లేదు మా."

"యాడుంటాది? అప్పటికి మూడేండ్లు నీకు."

ఫోన్ పెట్టేసి ఎడమ మణికట్టు మీది మచ్చ చూసుకున్నాను. పాలగిన్నె తగిలిందని ఇన్నేళ్లూ అందరికీ చెప్పాను. అమ్మ మీద కోపం వచ్చింది. అందులో సగం నా మీదే. ఇల్లంతా తిరిగాను. మడతపెట్టిన బట్టలే విప్పి మళ్లీ మడతపెట్టాను.

మరుసటి రోజు ట్రే తెచ్చుకుని పాప పక్కన చాప పరిచాను. పాపను పిలవలేదు. ఎడమ చేత్తో స్పూను పట్టుకున్నాను. మొదటి స్పూనుకే గింజలు చాపంతా దొర్లాయి. ఏరుకున్నాను. మళ్లీ తీశాను, మళ్లీ దొర్లాయి. కుడి చెయ్యి సాయానికి వస్తుంటే దాన్ని గట్టిగా ఒళ్లో నొక్కిపెట్టుకున్నాను.

పాప చాలాసేపు చూసింది. తర్వాత దగ్గరకు జరిగి, ఎడమ చెయ్యి బయటికి తీసి, నా దగ్గరి స్పూను అందుకుంది. మేము నేర్పినట్టే, ఒక్క మాట లేకుండా, నిదానంగా నాలుగు గింజలు తీసి అవతలి గిన్నెలో వేసింది. ఒక్కటీ పడలేదు. స్పూను నాకు తిరిగిచ్చి పక్కకు తప్పుకుంది.

నాకు రాలేదు. ఆ పూటంతా కూర్చున్నా రాలేదు. ఆ పిల్ల నా పక్కనే కూర్చుని చూసింది. ఒక్కసారి కూడా స్పూను నా కుడి చేతికి మార్చలేదు.