నేను జారిపడిన పాఠం

ఉపాధ్యాయులకు సెల్‌ఫోన్‌తో పాఠాలు చెప్పడం నేర్పించే ఉద్యోగంలో నాకది మొదటి రోజు. వేలూరు నుంచి బస్సులో గుడియాత్తంలోని ఒక హైస్కూలుకు వెళ్లాను. అందరిలోకీ పెద్దావిడ, సైన్సు టీచరు సుగుణమ్మగారు, ఫోను ముట్టుకోనని ముందే చెప్పేశారు.

"నాకు సుద్దముక్క చాలమ్మా. ఈ వయసులో ఇదంతా యాడ నేర్చుకునేది?" అన్నారు. మిగతావాళ్లూ ఆవిడ పక్షమే.

ఎలాగో బతిమాలి నా ఫోను ఆవిడ చేతికిచ్చాను. నేను వరండాలో బంతి దొర్లిస్తుంటే స్లోమోషన్‌లో వీడియో తీయమన్నాను. వరండా అప్పుడే కడిగారని నేను గమనించలేదు. బంతి వెంట అడుగు వేశానో లేదో, కాలు జారి అందరిముందూ వెల్లకిలా పడ్డాను.

"అయ్యో తల్లీ, దెబ్బ తగిలినాదా?" అంటూ సుగుణమ్మగారే వచ్చి లేపారు. దెబ్బకంటే సిగ్గే ఎక్కువైంది. ఇక నా మాట ఎవరు వింటారని దిగులుపడుతుంటే, ఆవిడ ఫోను చూసి నవ్వు ఆపుకోలేకపోయారు.

"నువ్వు పడింది మొత్తం ఇందులో పడి ఉండాదమ్మా!"

నా కాలు ముందుకు జారడం, ఒళ్లు వెనక్కి వాలడం అందులో నిదానంగా కనిపిస్తోంది. ఆవిడ మళ్లీ మళ్లీ చూశారు.

"రేపు ఘర్షణ పాఠం చెప్పాల. పిల్లోళ్లకు ఇదే చూపిస్తా. నీ మొహం కనపడకుండా చేసేది ఎట్లో నేర్పించు" అన్నారు.

నేర్పించాను. మిగతా టీచర్లూ ఫోన్లు తీసి చుట్టూ చేరారు.

మర్నాడు ఆవిడ తన తరగతి వీడియో పంపారు. నవ్వులు సద్దుమణిగాక ఒకమ్మాయి లేచి, "నీళ్లుంటే ఘర్షణ తగ్గిపోతాది టీచర్, అందుకే ఆయమ్మ పడినాది" అంది.

కిందపడినందుకు నేను సంతోషించింది ఆ ఒక్కసారే.

– వాణి, వేలూరు