అంచు చూడని పతకం

1955 జూన్‌లో ఆత్మకూరు శాఖా గ్రంథాలయంలో గ్రంథపాలకురాలిగా చేరాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. పుస్తకాలతో తప్ప మనుషులతో మాట్లాడాలంటే బెరుకు. ఎవరైనా సమాచారం అడిగితే ఆ ప్రశ్నను రిజిస్టరులో ఎక్కించి, ఆధార గ్రంథం చూసి, సంతకం పెట్టి జవాబు రాసివ్వడం మా పద్ధతి. ఆ కాగితానికి ప్రభుత్వ కచేరీల్లో విలువ ఉండేది.

ఆ చలికాలంలో ఉదయగిరి నుంచి ఖాదర్ సాయిబు వచ్చాడు. కొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కే ముసలాయన. మెడలో నల్లతాడుకు కంచు పతకం వేలాడుతోంది. దాని మీద ఒకవైపు రాణి బొమ్మ, రెండోవైపు చెన్నపట్నంలో వెనకటికి జరిగిన వస్తుప్రదర్శన పేరు. కర్నూలులో పెట్టబోయే చేతిపనుల ప్రదర్శనకు తాలూకా నుంచి ఒక్క పనివాణ్ణే పంపుతారట. ఆ పతకం తన తాత గెలిచిందేనని రుజువైతే ఆయన్నే పంపుతానని తహసీల్దారు చెప్పాడట.

మా అటెండరు ఊరుకోలేదు. "ఏం సాయిబూ, రాణిగారే వచ్చి మీ తాత మెళ్లో వేసిందా?"

"రాణి యాడొస్తాదిరా! దొర వేసినాడు. మా తాత చేసిన చెంచా కొయ్యదో ఎద్దుకొమ్ముదో తెలీక కొరికి చూసినాడంట," అని నవ్వి, ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు రాసిస్తే చాలమ్మా. అంతా నీ మాట మీదే ఉండాది."

పతకం మీద పల్చటి కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది రెండువైపులా అచ్చు తీసుకున్నాను. జిల్లా కేంద్ర గ్రంథాలయానికి రాస్తే వారానికి పాత ప్రదర్శనల జాబితా వచ్చింది. దాని ప్రకారం అవే పతకాలను విజేతలకు ఇచ్చారు, చూడవచ్చినవాళ్లకూ అమ్మారు. విజేతలవాటికి మాత్రం అంచున పేరు చెక్కించారు. ఈ పతకం అంచు చుట్టూ ఏ కంసాలో వెండి పట్టీ బిగించి కొక్కెం పెట్టాడు. సాయిబు మళ్లీ వచ్చినప్పుడు ఆ పట్టీ తీయించమని అడగాల్సింది. తాయెత్తులా వేసుకున్నదాన్ని విప్పమనడానికి నాకు నోరు రాలేదు. "పతకంపై విజేత పేరు లేదు. సందర్శకులకు అమ్మినదై ఉండవచ్చు" అని తహసీల్దారుకు రాసి పంపాను. డైరీలో మాత్రం, "పట్టీ సంగతి అడగలేకపోయాను" అని రాసుకున్నాను.

కర్నూలుకు వేరొకరు వెళ్లారు.

1957లో నన్ను ఉదయగిరికి బదిలీ చేశారు. చేరిన నెలలోనే సాయిబు కోడలు ఆ పతకం పట్టుకొని వచ్చింది. బిడ్డకు మువ్వలు చేయించడానికని పట్టీ ఊడదీయించిందట. అంచున ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి, చదవమంది. సాయిబు తాత పేరు, ఉదయగిరి, కొయ్యపని. చదివి వినిపించాను.

"లేదని రాసింది మీరేనంట గదా?"

అవునన్నాను.

"దుడ్లిచ్చి కొన్న బిళ్ల అని ఊరంతా ఎగతాళి చేసినారు. మా మామ దాన్ని మెళ్లోంచి తీసి పెట్టెలో పడేసినాడు. మళ్లా ముట్టుకోకుండానే పోయినాడు. ఒక్క మాట అడిగుంటే ఆయనే విప్పి ఇచ్చేవాడు గదమ్మా!"

ఆ రోజే సవరణ ఉత్తరం రాశాను. అప్పటికి తహసీల్దారు మారిపోయాడు. "దాఖలు చేయడమైనది" అని జవాబొచ్చింది. నకలు తీసుకెళ్లి ఇస్తే ఆమె అందుకొని పతకం ఉన్న పెట్టెలో పెట్టింది.

ఆ తరువాత ముప్పై ఏళ్లకు పైగా చేసిన ఉద్యోగంలో, నా కంటితో చూడనిదాన్ని లేదని రాయలేదు. "చూడలేదు" అని రాశాను, ఎందుకు చూడలేదో కూడా రాశాను. అలాంటి జవాబు అసంపూర్తిగా ఉందని పైఅధికారులు రెండుసార్లు వెనక్కి పంపారు. రెండుసార్లూ అదే వాక్యంతో తిప్పి పంపాను.