పైత్యం అనుకున్నాను

జనక్‌పురిలో మా వీధివాళ్ళు నన్ను డాక్టర్ ఆంటీ అనేవారు. నేను చదివింది బీకాం. అయినా ఎవరింట్లో పిల్లకి కడుపునొప్పి వచ్చినా, ఎవరి మామగారికి ఎక్కిళ్ళు పట్టుకున్నా ముందు మా తలుపే కొట్టేవారు. మా గోదావరి జిల్లా వైద్యం పంజాబీలకీ, బెంగాలీలకీ కూడా బాగానే పనిచేసింది. వాతం, పైత్యం, వేడి చెయ్యడం. నా దృష్టిలో మనిషికి వచ్చే జబ్బులు ఈ మూడే. మా ఆయన దాన్ని అరవైద్యం అనేవారు, అదీ నేను వంటింట్లో ఉన్నప్పుడు, నాకు వినబడనంత చిన్నగా.

ఆయన కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో సెక్షన్ ఆఫీసరు. నెమ్మదస్తుడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో నోరు తెరిచి నన్ను అడిగింది ఒక్కటే. ఎవరో ఇచ్చిన కేలండరులో స్పితి లోయ బొమ్మ ఉంది. మనాలి దాటి, కనుమలు దాటి వెళితే వచ్చే చలి ఎడారి అది. చెట్టూ చేమా లేని మట్టికొండలు, వాటి మధ్య నది నిలువునా కోసుకుంటూ పోయిన లోతైన గండ్లు. అది జూలై నెల పేజీ. సెప్టెంబరు వచ్చినా మా ఇంట్లో జూలైయే నడుస్తోంది.

"మన కారులో వెళ్దామే. మనిద్దరమే," అన్నారు.

"మట్టి చూడ్డానికి అంత దూరం దేనికండీ? ధౌలా కువాన్ దగ్గర ఫ్లైఓవరు కోసం తవ్వి పోశారుగా, సాయంత్రం వెళ్ళి చూసొద్దాం," అన్నాను నేను.

ఆయన నవ్వి ఊరుకున్నారు. అలా ఊరుకోవడం ఆయనకి బాగా వచ్చు. మరుసటి ఏడాది జూలైలో నాకే జాలేసి సరేనన్నాను. పాపని కింది వాటా పంజాబీ ఆంటీకి అప్పగించి, చిన్న మారుతి కారులో కుక్కరు, బియ్యం, ఆవకాయ, తలకి మూడేసి స్వెటర్లు, నా మందుల డబ్బా సర్దాను. ఎత్తుకి వెళితే చలేస్తుందని తెలుసు. ఎత్తుకి వెళితే ఇంకేదైనా అవుతుందని నాకు తెలీదు. ఆయన అట్లాసులో చదివి ఏదో చెప్పబోతే, "నాకు తెలుసులెండి," అన్నాను.

కారు ఆయనే నడిపారు. నాకూ లైసెన్సు ఉంది. ద్వారకలో జనం లేని కొత్త రోడ్ల మీద ఆయనే నేర్పారు. క్లచ్ మీద నుంచి కాలు తియ్యమని మూడోసారి చెప్పినప్పుడు నడిరోడ్డు మీద కారు ఆపేసి, అంత తెలిసినవారు దిగి నడిచి రండి అన్నాను. దిగి నడిచే వచ్చారు పాపం, రెండు కిలోమీటర్లు. ఆ తర్వాత నేను పాల బూత్ దాకా, పాప స్కూలు దాకా నడిపాను. ఘాట్ రోడ్డు అన్నది ఎప్పుడూ ఎక్కలేదు.

ఆ దారి గురించి గొప్పగా రాయాలని ఉంది కానీ, నాకు ఇప్పుడు ఆ అందం గుర్తు రాదు. ఆయన మొహం గుర్తుంది. రోడ్డుకి ఒక పక్క కొండ, ఇంకో పక్క చూపు ఆనని లోయ. అడుగున నది దారప్పోగులా ఉంది. ప్రతి మలుపులోనూ కారు ఆపి దిగేవారు. కొండలు ఊదారంగులో ఉన్నాయి, కాసేపటికి ఎరుపు, ఇంకాసేపటికి బూడిద. "చూశావుటే? చూశావుటే?" అని చిన్నపిల్లాడిలా అడిగేవారు. చూస్తున్నానండీ, ముందు స్వెటరు వేసుకోండి అనేదాన్ని.

రెండో కనుమ దాటి, కాజా అనే చిన్న పట్నం చేరిన సాయంత్రం తలనొప్పి అన్నారు. అన్నం వద్దన్నారు. నాలుక చాపమని చూశాను, తెల్లగా పూత పట్టి ఉంది. ఇంకేముంది, నా తీర్పు అయిపోయింది.

"పైత్యం. మనాలిలో ఆ నూనె పరాఠాలు తినొద్దంటే విన్నారా?"

"అంతేనంటావా?" అన్నారు.

"అంతే."

అల్లం మురబ్బా పెట్టాను. జీలకర్ర కషాయం కాచి తాగించాను. మర్నాడు తలనొప్పి తగ్గకపోయినా, ఇంత దూరం వచ్చాం కదా, కేలండరులోని గండి, పైన కొండ మీదున్న ఊళ్ళోంచే కనబడుతుందట, చూసే వెళదాం అని నేనే బయల్దేరదీశాను. ఆయన స్టీరింగు మీదకి ఒరిగిపోతూ నడిపారు. ఆ ఊరు కాజా కంటే ఇంకా పైన ఉంది. జబ్బు చేసిన మనిషిని, ఆ జబ్బు తెచ్చిన ఎత్తుకే ఇంకా పైకి తీసుకుపోతున్నానని నాకేం తెలుసు?

ఊరంటే నలభై మట్టి ఇళ్ళు. ఒక ముసలావిడ తన ఇంట్లో గది ఇచ్చింది. ఆయన గండి వైపు ఒక్కసారే చూసి, లోపలికి వచ్చి పడుకున్నారు. మధ్యాహ్నం వాంతి అయింది, పచ్చగా. నేను సంతోషించాను. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు కానీ నిజం, సంతోషించాను. పచ్చగా పడిందంటే పైత్యం దిగిపోయినట్టే, మా అమ్మమ్మ అలాగే చెప్పేది. మాడున ఆముదం అద్ది, దుప్పటి కప్పి, కంటినిండా నిద్రపోండి అన్నాను.

ముసలావిడ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. "నీచే లే జావో. ఆజ్ హీ," అంది. ఇవాళే కిందికి తీసుకుపొమ్మని.

"పిత్త్ హై అమ్మాజీ. సో జాయేంగే తో ఠీక్ హో జాయేంగే," అన్నాను. నిద్రపోతే తగ్గిపోతుందని ఆ కొండల్లో పుట్టి పెరిగిన మనిషికి నేను చెప్పాను.

ఆవిడ నన్ను వదిలేసి ఆయన్నే అడిగింది, "నీచే జానా హై, బేటా?" కిందికి వెళ్తావా అని. ఆయన ఆవిడ వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. "నహీ అమ్మాజీ. ఠీక్ హూఁ," అన్నారు, బాగానే ఉన్నానని. చూశావా అన్నట్టు నేను ఆవిడ వైపు చూశాను. తా పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అంటారే, ఆ కుందేలు కాళ్ళు పట్టుకుని గర్వంగా కూర్చున్నాను.

తెల్లవారి చూస్తే ఆయన మంచం మీద కూర్చుని రెండు బూట్లూ ఒకే కాలికి తొడగాలని చూస్తున్నారు. ఒకటి తొడిగి, దాని మీద రెండోది. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "జనక్‌పురి వచ్చేసిందా? ఆఫీసుకి టైమైంది," అన్నారు. మాట ముద్దగా వచ్చింది. ముసలావిడ వచ్చి ఆయన్ని లేపి, గోడ వెంబడి నాలుగడుగులు వేయించింది. ఏనాడూ చుక్క ముట్టని మనిషి తాగినవాడిలా తూలి నా మీద పడ్డారు. అప్పుడు తెలిసింది నాకు, అది పైత్యం కాదని. అదేమిటో మాత్రం తెలీదు. నా డబ్బాలో దానికి మందు లేదు.

ఊళ్ళో ఉన్న ఒక్క జీపూ తెల్లవారకముందే కిందికి వెళ్ళిపోయింది. బస్సు మర్నాటికి గానీ రాదు. సెల్‌ఫోనులో సిగ్నలు లేదు. వీధిలోకి పరిగెత్తి, కారు నడపడం వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని తలుపు తలుపూ కొట్టాను. మగవాళ్ళంతా చేలల్లో ఉన్నారు. ఉన్న ఒకరిద్దరు ముసలివాళ్ళు గాడిదల్ని తోలేవాళ్ళు. నా వెనకే వచ్చిన ముసలావిడ మా కారు వైపు చెయ్యి చూపించి, "గాడీ తో హై," అంది, బండి ఉంది కదా అని.

"నాకు రాదు," అన్నాను తెలుగులో. ఆవిడకి అర్థమైంది. అయినా వెళ్ళి వెనక సీట్లో కూర్చుని ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది.

ఇరవై కిలోమీటర్లు. మొదటి గేరు మార్చకుండా దిగాను. మలుపు దగ్గర కారు ముక్కు గాలిలో ఉన్నట్టుండేది, అవతల ఏమీ కనబడదు, ఆకాశం తప్ప. కుడి కాలు బ్రేకు మీంచి తియ్యలేదు. కాసేపటికి కాలిన వాసన మొదలైంది. దేవుళ్ళందరికీ మొక్కాను, పేర్లు తడబడ్డాయి. వెనక నుంచి ముసలావిడ ఆయన చెంపలు తడుతున్న చప్పుడు వినబడుతుండేది. ఆ చప్పుడు ఆగితే నా ప్రాణం ఆగేది. "ఏవండీ! పలకండీ!" అని అరిచేదాన్ని. మొదట్లో ఊఁ అనేవారు. తర్వాత అది కూడా లేదు. పాపకి ఏం చెప్పను, నాన్న ఏడని అడిగితే ఏం చెప్పను అని పైకే అంటూ నడిపాను.

సగం దారిలో లారీ ఎదురొచ్చింది. హారన్ కొట్టి, వెనక్కి పొమ్మని చెయ్యి ఊపాడు డ్రైవరు. నాకు వెనక్కి నడపడం ఖాళీ స్థలంలోనే సరిగ్గా రాదు. ఇంజను ఆపేసి స్టీరింగు పట్టుకుని ఏడ్చాను. డ్రైవరు దిగి వచ్చి అద్దం దగ్గర ఏదో కేకలేశాడు. నేను అచ్చ తెలుగులో తిరిగి కేకలేశాను, నీకు కళ్ళు లేవా, మనిషి చచ్చిపోతున్నాడు కనబడ్డం లేదా అని. అతను వెనక సీటు వైపు చూశాడు. వెళ్ళి, ఆ లారీని మూడు మలుపులు వెనక్కి నడిపి, కాస్త వెడల్పున్న చోట కొండకి అంటించి నిలబెట్టాడు. పక్కనుంచి దాటుతుంటే, "బ్రేక్ ఛోడ్ ఛోడ్ కే, దీదీ," అన్నాడు. బ్రేకు వదిలి వదిలి వెయ్యమని. జీవితంలో మొదటిసారి బండి నడపడం గురించి ఒకరు చెప్పిన మాట మారుమాట లేకుండా విన్నాను.

కాజా ఆసుపత్రిలో ఉన్న డాక్టరు కుర్రవాడు. ఆయనకి ఆక్సిజన్ గొట్టం పెట్టించి, కళ్ళలోకి లైటు వేసి చూస్తూ అడిగాడు, "కబ్ సే?" ఎప్పటినుంచి ఇలా అని.

"ఇవాళ పొద్దున్నుంచి," అన్నాను.

అప్పటికప్పుడు అబద్ధం వచ్చేసింది. డాక్టర్ ఆంటీని కదా నేను. మూడు రోజులుగా కళ్ళెదుట చూస్తూ మురబ్బా పెట్టానని ఎలా చెప్పను? అతను కాగితం మీద రాసుకున్నాడు. ఇవాళే మొదలైతే ఇక్కడే ఆక్సిజన్ మీద ఉంచి రేపు చూద్దాం అన్నాడు. ముసలావిడ నా వైపే చూస్తోంది. ఒక్క మాట అనలేదు. అంటే ఆవిడ మీద అరిచేదాన్నేమో. అనలేదు కాబట్టి తల దించుకోవాల్సి వచ్చింది.

"కాదండీ," అన్నాను. "తలనొప్పి మొదలై మూడు రోజులు. నిన్న వాంతి అయింది. దిగిపొమ్మని ఈవిడ నిన్ననే చెప్పింది. నేనే పడుకోబెట్టాను."

డాక్టరు రాస్తున్నది ఆపి, "మెదడులోకి నీరు చేరినట్టుంది. ఇక్కడ ఉంచితే దక్కడు," అన్నాడు. సూది వేయించి, పది నిమిషాల్లో ఆసుపత్రి జీపు ఎక్కించాడు. ఆక్సిజన్ సిలిండరు ఒక పక్క, నేను ఒక పక్క, నది వెంబడి కిందున్న కిన్నౌర్ జిల్లా వైపు దిగుడే దిగుడు. గండ్లు దాటాం, వంతెనలు దాటాం, ఒక చోట కొండచరియ విరిగి పడితే రాళ్ళు తీసేదాకా గంటసేపు ఆగాం. ఆ గంటా ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి చెట్లు కనబడ్డాక, సాయంత్రం ఎండలో, ఆయన కళ్ళు తెరిచి దాహం అన్నారు.

మర్నాడు ఆ కింది ఊరి ఆసుపత్రిలో దిండుకి ఆనుకుని కూర్చున్నారు. నన్ను గుర్తుపట్టారు, పాప పేరు చెప్పారు, ఆఫీసుకి తంతి ఇవ్వాలన్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని అంతా చెప్పేశాను. పైత్యమని మూర్ఖంగా పట్టుబట్టాననీ, ముసలావిడ చెప్పినా వినలేదనీ, చేజేతులా చంపుకోబోయాననీ, క్షమించమనీ.

"నాకు తెలుసే," అన్నారు.

"ఏం తెలుసు?"

"అది పైత్యం కాదని. అట్లాసు వెనకాల రాసుంది కదా. ఎత్తు పడకపోతే తలనొప్పి, వాంతులు, వెంటనే దిగిపోవాలి అని. ఆ ముసలావిడ అడిగినప్పుడు నాకు తెలివి బాగానే ఉంది."

"మరి ఎందుకు చెప్పలేదండీ? కిందికి వెళదామని ఒక్క మాట అనుంటే..."

"నువ్వు పైత్యం అన్నాక ఇంక వాదన ఎందుకని ఊరుకున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. పక్క మంచాల వాళ్ళు చూస్తున్నా ఆగలేదు. "ప్రాణం పోతుందని తెలిసీ ఊరుకున్నారా? చచ్చిపోవడం కంటే నాకు ఎదురు చెప్పడమే కష్టమైపోయిందా మీకు?" అని అరిచాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. లెక్కలో తప్పు ఎక్కడుందో వెతుక్కునేవాడిలా నెమ్మదిగా అన్నారు.

"కష్టమనుకోలేదే. అలవాటైపోయింది."

ఆ తర్వాత నర్సు వచ్చి, పేషెంటుని మాట్లాడించొద్దని నన్ను బయట బెంచీ మీద కూర్చోమంది. వెళ్ళి కూర్చున్నాను.