నా చేతిమీది ‘చి॥’

ఆ రోజుల్లో తొండియార్‌పేట ఆడపిల్ల ఒంటికి రెండే సింగారాలు. గోరింటాకు పెట్టుకుంటే పది రోజులుంటుంది. పచ్చబొట్టు పొడిపించుకుంటే కాటిదాకా వెంట వస్తుంది. ఈ తేడా తెలియని పిల్ల మా వీధిలో ఒక్కతె కూడా ఉండేది కాదు. నాకూ తెలుసు. అయితే మగవాళ్ళ మాటల్లో కూడా ఈ రెండు రకాలూ ఉంటాయని మాత్రం ఎవరూ చెప్పలేదు. అప్పటికి నాకు పదహారేళ్ళు.

మా మేనమామ కొడుకును ఇంట్లో అందరం ఉపన్యాసాల బావ అనేవాళ్ళం. నేను పుట్టిన రోజే ఆయనకు నన్ను ఇచ్చేసినట్టు లెక్క. పట్నం తెలుగువాళ్ళదా, అరవవాళ్ళదా అని వీధి వీధినా మనుషులు కొట్లాడుకుంటున్న కాలమది. బావ మా ఇంటి అరుగెక్కి నలుగురు రిక్షావాళ్ళకూ ఒక మేకకూ గంటసేపు తెలుగు గొప్పతనం చెప్పేవాడు. దిగి వచ్చాక మిగిలిన కోపం నా మీద చూపించేవాడు. నేను కార్పొరేషన్ బడిలో ఎనిమిదో క్లాసు దాకా అరవమే చదివాను. తెలుగు మాట్లాడటం వచ్చు గాని ఒక్క అక్షరం చదవను రాదు. “తెలుగుదాని కడుపున పుట్టి తెలుగు రాదంటే సిగ్గుగా లేదా మే నీకు?” అనేవాడు. నేను తల వంచుకొని పొంగిపోయేదాన్ని. (తిట్టడానికైనా నా వైపు చూశాడు గదా అని. నా తెలివి అంత.)

తాంబూలాలు పుచ్చుకున్నారు. అయ్యవారు లగ్నపత్రిక రాసిచ్చాడు. తాంబూలాల ముందురోజు నా చేతులకు గోరింటాకు రుబ్బి పెట్టారు. పొద్దున కడిగి చూస్తే ఎర్రగా పండాల్సిన చేతులు నీళ్ళ సాంబారు రంగులో ఉన్నాయి. బావ అక్క, అంటే మా వదిన, నా చేతులు పదిమందికీ చూపించి, “మావాడి మీద దీనికి ఉండే ప్రేమ ఇంతే సుమా!” అని నవ్వింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ లోపల మండిపోయింది. పది రోజులకు ఆ కాస్త రంగూ గోళ్ళ చివరలకు జరిగిపోయింది. అదే వారం ఆంధ్రరాష్ట్రం కొత్త కచేరీలో బావకు అటెండరు ఉద్యోగమని కాగితం వచ్చింది. కర్నూలు పోవాలి. పెళ్ళి వైశాఖంలో గదా, అందాకా అక్కడే ఉంటానన్నాడు. ఇక నా ప్రేమ ఎంతో ఆయనకూ వదినకూ చూపించడానికి నాకు నాలుగు రోజులే మిగిలాయి.

మా అవ్వ, అంటే నాయన తల్లి, చేతులు రెండూ మోచేతుల దాకా పచ్చబొట్లే. నేను బావ పేరు పొడిపించుకుంటానంటే ఆమె ఒక్కతే, “మంచి పని మే. బంగారాన్ని మార్వాడీ పట్టుకోని పోతాడు, దీన్ని ఎవురు పట్టుకోని పోతారు?” అంది. అమ్మ సంతకు పోయిన పూట చూసి, “పచ్చై కుత్తలయో పచ్చై!” అని అరుచుకుంటూ పోయే పచ్చబొట్లామెను లోపలికి పిలిచింది. ఆమె సూదులు విప్పి, “పేరు చెప్పు తాయీ” అంది. అక్కడ వచ్చింది చిక్కు. కట్టుకోబోయేవాడి పేరు ఆడది నోటితో అనకూడదు, ఆయుస్సు తగ్గుతుంది. అవ్వ చెబుదామంటే మా తాత పేరూ అదే. (తాత పోయి పదేళ్ళయింది. తగ్గడానికి ఇక ఆయుస్సు లేకపోయినా అవ్వ ఆ పేరు ఎత్తేది కాదు.) ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. “చెప్పకుంటే పోనీ, రాసి చూపియ్యి. నాకు చదవను రాదు గానీ గీత మీద గీత పెడతా,” అందామె. నేను పోయి దేవుడి పటం వెనక నుంచి లగ్నపత్రిక తెచ్చాను. అందులో బావ పేరు ఎక్కడుందో అంతకుముందే నాయనను అడిగి పెట్టుకున్నాను. ఆయన హార్బరుకు పోయే తొందరలో చొక్కా తొడుక్కుంటూ, “ఇదో, ఈడ్నించి మొదలు” అని వేలు పెట్టి చూపించాడు. అక్కడే గోటితో చిన్న నొక్కు నొక్కి ఉంచాను. ఆ నొక్కు దగ్గర నుంచే పొడవమన్నాను, తెలుగు అక్షరాలే కావాలని మరీ మరీ చెప్పాను.

దీపపు మసీ ఏదో ఆకు పసరూ కలిపి, సూదులన్నీ దారంతో కట్టి, ఆమె పాట ఎత్తుకుంది. పాట బాగానే ఉంది. సూదులే బాగాలేవు. మొదటి అక్షరం గుడి తిరిగేసరికి నాకు బావ ముఖం మరుపుకొచ్చింది. దాని పక్కన రెండు నిలువు గీతలు పడేసరికి బావ అక్కర్లేదనిపించింది. “ఇంకా ఎన్ని అక్షరాలున్నాయి?” అని అడిగితే, “ఈ వరస పొడుగూతా” అందామె. నేను ఆమె భుజం కొరికాను. ఆమె లేచి సూదులు మూట గట్టుకొని, “పది బిడ్డలు కన్నదాన్ని గూడా పొడిచినా, ఎవురూ కరవలా! మిగిలింది మీ ఆయన్నే రాసుకోమను!” అని, అవ్వ చేటలో పోసిన బియ్యం మాత్రం మరవకుండా తీసుకొని వెళ్ళిపోయింది. చెయ్యి వాచి నాకు జ్వరం వచ్చింది. అమ్మ వచ్చి నన్ను కొట్టింది, అవ్వతో మూడు రోజులు మాట్లాడలేదు. నేను మాత్రం బావ పేరు సగమైనా పడిందని సంబరపడుతూ పడుకున్నాను.

ప్రయాణమయ్యే రోజు బావ చెప్పిపోవడానికి వచ్చాడు. అందరి ముందూ సిగ్గుపడుతూ చెయ్యి చాపాను. వంగి చూసి, “చి?” అన్నాడు. నాకు అది “ఛీ” అని వినపడింది. ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన ఇంకోసారి చూసి, గోడకు చేరగిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. “నా పేరు యాడుందే ఈడ? ఇది చిరంజీవి మే! అందరి పేర్లకీ ముందర రాసే చి! పక్కన రెండు గీతలు గూడా పెట్టించుకున్న్యావే!” అప్పటికి గాని నాకు తెలియలేదు, ఆ పోట్లన్నీ ఎవరి పేరుకూ కాదని. వదిన నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. అంతలో బావకు నా మీద జాలి కలిగిందో ఏమో, వాచిన చోట వేలితో మెల్లగా తాకి, “ఏడవబాక. వైశాఖానికి వస్తా గదా, పక్కన కూచోని నా పేరు నేనే రాసిస్తా” అన్నాడు. ఆ మాట పట్టుకొని ఆరు నెలలు బతికాను.

మొదట్లో కర్నూలు నుంచి కార్డులు వచ్చేవి. గుడారాల్లో కచేరీలనీ, దుమ్ము అనీ రాసేవాడు. నాయన చదివి వినిపించేవాడు. తర్వాత కార్డులు ఆగిపోయాయి. వైశాఖం ఇంకో నెల ఉందనగా మామ వచ్చి గడప బయటే నిలబడ్డాడు. వాళ్ళ హెడ్ గుమాస్తా కూతురితో అక్కడే పెళ్ళయిపోయిందని చెప్పాడు. ఆ పిల్లకు తెలుగు బాగా వచ్చట. అమ్మ చెంబెడు నీళ్ళు కూడా ఇవ్వకుండా తన అన్నను పంపేసింది. పట్నం మాది కాదని అంతకు ముందే తేలిపోయింది, బావ కూడా మాది కాదని అప్పుడు తేలింది. వీధిలో ఆడవాళ్ళు కొళాయి దగ్గర నా చెయ్యి చూసి గుసగుసలాడేవాళ్ళు. ఒకడి గుర్తు ఒంటిమీద ఉన్న పిల్లను ఇంకెవడు చేసుకుంటాడన్నది వాళ్ళ దిగులు. అమ్మ దిగులూ అదే. పోగొట్టాలని సున్నం రాసింది, జీడిగింజ రసం పూసింది. తోలు ఊడి, పుండు పడి, మానిన తర్వాత చూస్తే ‘చి॥’ ఇంకాస్త లావై కూర్చుంది.

ఆ మరుసటి ఏడు బస్సు డిపోలో మెకానిక్కు ఒకాయన చూసుకోవడానికి వస్తున్నాడంటే అమ్మకు ఒక ఉపాయం తట్టింది. పక్కింటి మరుదాణి (అరవంలో గోరింటాకే) చెట్టు దూసి తెచ్చి, రుబ్బి, ముంజేయి మొత్తం పూసేసింది. ఎర్రటి చేతిలో ఆ గీతలు కలిసిపోతాయని ఆమె ఆశ. ఈసారి పాడు గోరింటాకు మహా ఎర్రగా పండింది. ఆ ఎరుపు నడుమ పచ్చగా, ఎవరో పని గట్టుకొని అచ్చు వేయించినట్టు, ‘చి॥’ దూరానికి కూడా కనిపించింది. చెయ్యి దాచుకోవడానికి టైము లేదు, వాళ్ళు వచ్చి కూర్చున్నారు. కాఫీ ఇస్తుంటే ఆయన నా చేతికేసి చూశారు. తలుపు చాటున అమ్మ దేవుళ్ళకు మొక్కుకుంటోంది. నేను మాత్రం ఈయన కూడా ఛీ అంటే ఆ గ్లాసు అక్కడే పెట్టి సముద్రం వైపు నడుద్దామనుకున్నాను. ఆయన, “పువ్వు బాగుండాదే” అన్నారు. ఆయనకూ తెలుగు చదవను రాదు, నాలాగే అరవం బడి. రెండు కాడలున్న పువ్వు అనుకున్నారు. మా పెళ్ళి అలా అయింది. నేను ఆ పువ్వును పువ్వుగానే ఉంచేశాను. అబద్ధం ఆడలేదు, అడగలేదు గనుక చెప్పలేదు. ఆయన ఎన్నడూ నా మీద అరవలేదు. అరుగెక్కి ఎవరికీ ఏమీ చెప్పనూ లేదు.

చాలా ఏళ్ళకు జార్జి టౌన్‌లో ఒక సత్రంలో వదిన కూతురి పెళ్ళి జరిగింది. కర్నూలు నుంచి బావా, ఆయన భార్యా వచ్చారు. బావకు పొట్టా బట్టతలా వచ్చి, మా యాస పూర్తిగా పోయింది. కాఫీ గ్లాసు అందిస్తుంటే నా చెయ్యి చూసి, కళ్ళజోడు పైకి జరిపి, “ఏమిటమ్మా అది? ‘చి’ అని ఉంది. ఎవరి పేరు, సగంలో ఆపేశావు?” అన్నాడు. వేళాకోళమేమో అని ఆయన ముఖంలోకి చూశాను. కాదు. నిజంగానే గుర్తులేదు. నా ఒంటిమీద ఇన్నేళ్ళుగా ఉన్నది ఆ తలలో పది రోజులైనా ఉండలేదు. పక్క కుర్చీలో మా ఆయన పేపరు చూసుకుంటున్నారు. “ఈయనదే బావా,” అన్నాను. “మనిషే ఇంట్లో ఉండాడు గదా, ఇంక మిగతా అక్షరాలెందుకని ఆపేసినా.” బావ ఏదో అర్థమైనట్టు తల ఊపి, ఒక గుక్క తాగి, కాఫీ చల్లారిపోయిందన్నాడు. నేను వేడి చేసి తేలేదు. ఇన్నేళ్ళకు నేను తీర్చుకున్న పగ అంతా ఆ చల్లారిన కాఫీయే. తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది.